లుసుంగుకి పడని మందు

జనవరి 19, మంగళవారం

పొద్దుటినుంచి వాన. రుకురు నది వంతెన మీదికి ఎక్కిందట. ఇక మ్జుజు పెద్దాసుపత్రికి బండి వెళ్ళదు, అక్కడినుంచి మందులూ రావు. ఏటా ఇదే గోల. ఏటా ఎవరో ఒకరు వచ్చి వంతెన కొలుచుకుని పోతారు, అంతే.

మధ్యాహ్నం పక్కింటి ఎనెలెసి తన కూతురు లుసుంగుని సైకిలు వెనక కూర్చోబెట్టి, బురదలో తోసుకుంటూ ఆరోగ్య కేంద్రానికి తెచ్చింది. పిల్ల మోకాలు ఇంత లావున వాచింది. మొన్న చీలమండ అంది, నిన్న మోచెయ్యి అంది, ఇవాళ మోకాలు. ఒళ్ళు కాలిపోతోంది. మా కొత్త డాక్టరు ముంథలి చెయ్యి వెయ్యబోతే ఎనెలెసి అడ్డంపడి, పంచదార సంచిలో చుట్టిన ఆరోగ్య పుస్తకం ఆయన ముందుకు తోసింది.

"ముందు ఎర్రక్షరాలు చదవండి డాక్టరుగారూ, తర్వాతే పిల్లని ముట్టుకోండి. దీనికి పెన్సిలిన్ పడదు. చచ్చి బతికింది."

"ఎవరు రాశారమ్మా ఇది?"

"ఇంకెవరు, మా అక్కే! ఇదిగో, మీ పక్కనే ఉంది!" అంది, నన్ను ముందుకు లాగి. "ఆవేళ ఎస్నార్ట్ అక్క లేకపోతే నా పిల్ల ఈపాటికి మట్టిలో ఉండేది."

ఆయన నా వైపు చూసి మెచ్చుకోలుగా తలూపాడు. నేను బల్ల మీద దూది సర్దాను. సర్దిందే మళ్ళీ సర్దాను.

జనవరి 20

అవును, రాశాను. అయితే ఏం? నర్సన్నాక రాయదా?

జనవరి 22, శుక్రవారం

ముంథలి ఇవాళ లుసుంగు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నన్నూ వినమన్నాడు. లబ్ డబ్ మధ్యలో ఉఫ్‌మని పొయ్యి ఊదినట్టు చప్పుడు. నాకు అర్థమైంది. ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, అర్థం కాకపోవడమేమిటి.

"కీళ్ళ జ్వరం సిస్టర్. గొంతు నొప్పితో మొదలై గుండెకి పాకింది. నిరుడు వచ్చిందన్నారే, అదీ ఇదే. వాల్వు ఒకటి అప్పుడే దెబ్బతింది. ఇలాగే ఇంకోసారి వచ్చిందంటే పిల్ల మనకి దక్కదు. ఆ వాల్వు మార్చే ఆపరేషను ఎక్కడ చేయిస్తాం?"

"మరి ఏం చేద్దాం?"

"చెయ్యాల్సిందేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నెలకో పెన్సిలిన్ సూది. పెద్దదయ్యేదాకా, నెలకి ఒక్కటంటే ఒక్కటి. కానీ దీనికి పడదాయె!"

పడదు కాబట్టి ఎరిత్రోమైసిన్ మాత్రలు, రోజుకి రెండు. అవి కడుపులో తిప్పుతాయని పిల్ల సగం రోజులు మింగదు. మింగుదామన్నా ఏడాదిలో మూడు నెలలు మా దగ్గర ఉండవు. నిరుడు మొదలుపెట్టిన మాత్రలు అలాగే ఆగాయి. ఇదిగో, రెండోసారి వచ్చింది.

"పోనీ ప్రస్తుతానికి సెఫ్‌ట్రయాక్సోన్ వేద్దామా?" అన్నాను.

"అదీ ఆ ఇంటిదే కదా సిస్టర్."

మా నర్సింగు స్కూల్లో టీచరు బోర్డు మీద నాలుగు మూలల గది గీసేది. ఈ గది ఎవరింట్లో ఉంటే వాళ్ళందరిదీ ఒకే ఇంటిపేరు, బీటా-లాక్టమ్, అనేది. పెన్సిలిన్లు పెద్దన్నలు. సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్లు తర్వాత పుట్టి బాగా చదువుకున్న తమ్ముళ్ళు. కార్బాపెనెమ్‌లు పట్నంలో స్థిరపడిన గొప్ప చుట్టాలు, చావో బతుకో అంటే తప్ప గడప దాటరు. మోనోబాక్టమ్ ఒంటిగాడు. వాడికి ఎవరితోనూ పేచీ లేదు, కాకపోతే ఈ గొంతు క్రిమి ముందు వాడు పనికిరాడు. మేమంతా నవ్వుకుంటూ బట్టీ పట్టాం. ఒంటిగాణ్ణి ఈ జిల్లాలో నేనింతవరకు చూడలేదు, గొప్ప చుట్టాన్నీ చూడలేదు.

"పెద్దన్నతో చావుదాకా వచ్చిన పేచీ అని రాసుంది," అన్నాడు ముంథలి, నేను చెప్పిన ఆ వరసలోనే. "తమ్ముణ్ణి పిలవాలంటే నాకు భయం. తేడా వస్తే ప్రాణం నిలిపే అడ్రినలిన్ సీసాలు రెండే ఉన్నాయి, రోడ్డు చూస్తే అలా ఉంది." పుస్తకం తెరిచి నా రాత పైకి చదివాడు. "ముఖం వాచింది. ఊపిరి ఆగింది. పెన్సిలిన్ ఎన్నటికీ ఇవ్వరాదు. చక్కగా రాశారు సిస్టర్. చాలామంది ఉట్టి 'పడదు' అని గీకేసి ఊరుకుంటారు."

చక్కగా రాశానట.

జనవరి 23

అసలు సంగతేమిటో ఒకసారి రాసుకుంటే మంచిది. లుసుంగుకి అప్పుడు ఐదేళ్ళు, నిమ్ముతో తెచ్చారు. సూది వేశాను. మందు పడలేదు. పిల్ల గింజుకుంది. ముఖం కాస్త వాచింది. అంతలా ఏడిస్తే పిల్లల ముఖాలు వాచవా? ఊపిరి ఆగినట్టే అయింది. పక్కన నేనున్నాను కాబట్టి సరిపోయింది.

ఇంతే జరిగింది.

జనవరి 26, మంగళవారం

ఎనెలెసి వార్డు వెనక పొయ్యి పెట్టుకుని వండుతోంది. ఇవాళ గుమ్మడాకు, వేరుశనగ పొడి, మొక్కజొన్నపిండి న్సిమా. మొదటి ముద్ద నాకే పంపింది. తెచ్చింది చిన్న ఎస్నార్ట్. ఆ గండం గడిచిన మరుసటేడు పుట్టింది, నా పేరు పెట్టుకున్నారు. పదేళ్ళది. "పెద్దమ్మా, అమ్మ మొత్తం తినమంది, మిగిలిస్తే నేను చెప్పేస్తా," అని ఎదురుగా కూర్చుంది. తిన్నాను. ఖాళీ గిన్నె దాని చేతికిచ్చాను.

ఈ ఊళ్ళో నాకెవరున్నారు? పుట్టింది కరోంగాలో. ఆయన పోయాక పిల్లాజెల్లా లేకుండా మిగిలాను. ఈ ముగ్గురే నా వాళ్ళు.

లుసుంగు పుస్తకం ఇది మూడోది. మొదటిది ఎలుకలు కొరికాయి, రెండోది వానలో నానింది. పుస్తకం పోయినప్పుడల్లా ఎనెలెసి కొత్తది పట్టుకుని ముందు నా దగ్గరికే వచ్చేది. "అక్కా, మిగతావి తర్వాత, ముందు ఎర్రక్షరాలు రాయి," అని పక్కనే నిలబడేది. రెండుసార్లూ ఎర్ర పెన్ను తనే తెచ్చింది. వదిలేద్దామా అని రెండుసార్లూ అనుకున్నాను. మనిషి పక్కన నిలబడి చూస్తుంటే ఎలా వదిలేస్తాను? పిల్ల మణికట్టుకి ఎర్ర గుడ్డ పీలిక కూడా కట్టింది, తను లేనప్పుడు ఎవరైనా సూది వేసేస్తారేమోనని.

జనవరి 28, గురువారం

ఇవాళ ఉపాయం ఒకటి తట్టింది. ముంథలి టీ తాగుతుంటే వెళ్ళి, "డాక్టరుగారూ, చిన్నప్పుడు పడని మందు పదేళ్ళకి పడొచ్చంటారు కదా, ఒక చుక్క వేసి చూస్తే?" అన్నాను, ఏదో మాటవరసకి అన్నట్టు.

"నేనూ అదే ఆలోచిస్తున్నా. చాలామందికి పోతుంది. ఒంటి మీద దద్దురే రాసి ఉంటే నేనే వేసి చూసేవాణ్ణి. ఊపిరి ఆగిందని రాశారే! ఇక్కడ, ఈ వానలో, నేను చెయ్యి వెయ్యను. సరే, తల్లిని అడుగుదాం. ఆవిడ ఊ అంటే రోడ్డు తెరిచాక మ్జుజులో చూద్దాం."

నిజం చెప్పక్కర్లేకుండానే పని జరిగిపోయేలా ఉంది. సాయంత్రం చాలా రోజుల తర్వాత తలకి నూనె రాసుకున్నాను.

జనవరి 30, శనివారం

ఎనెలెసి ఊ అనలేదు.

"చుక్క లేదు, బొట్టు లేదు," అంది. "మీరు కొత్తవాళ్ళు డాక్టరుగారూ, మీకు తెలీదు. మా అక్క నాతో చెప్పింది, పెన్సిలిన్ వాసన తగిలినా ఇది బతకదని. చెప్పలేదూ అక్కా?"

ఇద్దరూ నా వైపు చూశారు. కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి నాది. ఈ కుడితి కలిపింది కూడా నేనే.

"చెప్పాను," అన్నాను.

"ఇంకేం మరి! సాక్షాత్తూ ఆ దేవుడే దిగొచ్చి సూది పట్టుకున్నా మా అక్క మాట దాటను," అంది ఎనెలెసి.

జనవరి 31, ఆదివారం

చర్చిలో పాస్టరుగారు లుసుంగు కోసం ప్రార్థన చేయించారు. "ఒకసారి ఈ పిల్లని కాపాడిన మన సిస్టర్ ఎస్నార్ట్ మ్హాంగో చేతులని ప్రభువు మళ్ళీ దీవించుగాక," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఫిబ్రవరి 2, మంగళవారం

ఇది ఎవరూ చదవరు. రాస్తాను.

ఆ రోజు వరసలో ఎనభై మంది. తోటి నర్సు ఎవరిదో చావుకి వెళ్ళింది, నేనొక్కదాన్నే. ప్రొకెయిన్ పెన్సిలిన్, పాలలా తెల్లగా ఉండే మందు. కండలోకే వెళ్ళాలి, రక్తం పారే నరంలోకి పోకూడదు. అందుకే సూది గుచ్చాక సిరంజి వెనక్కి లాగి, రక్తం రావడం లేదని చూసుకుని అప్పుడు నొక్కాలి. అది మొదటి ఏడాదిలోనే నేర్పిస్తారు. నేను లాగలేదు. ఎనభై మందికీ లాగుతూ కూర్చుంటే పొద్దుపోతుందని లాగలేదు. మందు నరంలోకి పోయింది.

పిల్ల కళ్ళు తేలేసింది. "చచ్చిపోతున్నా, చచ్చిపోతున్నా," అని అరిచి బిగుసుకుపోయింది. పది నిమిషాలు. ముఖం వాచలేదు. ఊపిరి ఆగలేదు. ఒంటి మీద ఒక్క దద్దురు లేదు. అది మందు పడకపోవడం కాదని నాకు అప్పుడే తెలుసు. తెలుసు కాబట్టే అడ్రినలిన్ సీసా ముట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తనంతట తానే సర్దుకుంది.

తెర తీసుకుని ఎనెలెసి లోపలికొచ్చింది. "ఏమైందక్కా?" అంది. అప్పుడామె అలా అడక్కుండా ఉంటే బాగుండేది. అడిగింది. నా నోరు "మందు పడలేదు" అంది. రెండే మాటలు. ఆమె నా కాళ్ళ మీద పడిపోయింది. కాళ్ళ మీద పడ్డ మనిషికి ఆ తర్వాత ఏం చెప్పను?

ఫిబ్రవరి 3

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 4

వాన. ఎనెలెసి చుట్టూ నలుగురు ఆడవాళ్ళు. రేపు.

ఫిబ్రవరి 5

రేపు.

ఫిబ్రవరి 6, శనివారం

లుసుంగు పడుకోలేకపోతోంది. పడుకుంటే ఊపిరి అందదు. వీపు వెనక రెండు దిండ్లు, మడత పెట్టిన దుప్పటి పెట్టి కూర్చోబెట్టాం. నీరు లాగే మందు ఇస్తే కాస్త తేరుకుంది. ఎరిత్రోమైసిన్ డబ్బా అడుగు కనిపిస్తోంది, రేపు సాయంత్రం దాకానే. వంతెన మీద ఇంకా నీళ్ళు. అల్మరాలో పెన్సిలిన్ మాత్రం వరసగా నిలబడి ఉంది, ముప్పై సీసాలు. తాళం నా నడుముకే వేలాడుతోంది.

"పెద్దమ్మా, నేను చచ్చిపోతానా?" అంది.

"నోర్ముయ్యవే, ఏం మాటలవి!" అని కసిరాను. బయటికొచ్చి స్టోరు తలుపు వెనక నిలబడి ఏడ్చాను. దాన్ని నేను కన్నట్టే ఉంటుంది నాకు. దాన్ని చంపుతున్నదీ నేనే.

ఫిబ్రవరి 7, ఆదివారం

చెప్పాను.

చర్చిలో ప్రార్థన అయ్యాక వార్డు వెనక పొయ్యి దగ్గరికి వెళ్ళాను. ఎనెలెసి న్సిమా కలుపుతోంది. "ఎనెలెసీ, ఆవేళ మందు తప్పు కాదు. నా చెయ్యి తప్పు. సూది నరంలోకి పోయింది. పడలేదని నీకు అబద్ధం చెప్పాను," అన్నాను. ఒక్క గుక్కలో అనేశాను.

ఆమె గరిట ఆపి నా ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వింది! కళ్ళనిండా నీళ్ళతో నవ్వింది.

"నీకేమైనా పిచ్చా అక్కా? నేను ఒప్పుకోవట్లేదని, పిల్లకి ఎలాగైనా సూది వేయించాలని, నీ మీద నువ్వే నింద వేసుకుంటున్నావు. ఇంత ప్రేమ నా తోడబుట్టినదానికి కూడా లేదు."

"దేవుడి మీద ఒట్టు, నిజం."

"అబద్ధానికి దేవుడి మీద ఒట్టెయ్యకు అక్కా. పాపం."

పదకొండేళ్ళుగా ఈ మాటే నోటిదాకా వచ్చి ఆగేది. తీరా చెబితే నమ్మేవాళ్ళు లేరు. ఇంటికి పరిగెత్తాను. నా పాత నోటుబుక్కులన్నీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆ ఏటిది వెతికి పట్టుకుని, తడుస్తూ వార్డుకి వచ్చాను. లుసుంగు మంచం పక్కన ఎనెలెసి ఉంది. "ఇది నాకోసం నేను రాసుకున్నది, ఇందులో అబద్ధం ఉండదు, చదువు," అని ఆ తేదీ తీసిచ్చాను.

ఆమె పైకి చదివింది. "ఈ రోజు దేవుడు నా చేత ఒక ప్రాణం కాపాడించాడు. లుసుంగుకి పెన్సిలిన్ పడలేదు. ముఖం వాచింది. ఊపిరి ఆగింది."

నా రాతే. ఎవరూ చదవని నోటుబుక్కుకి కూడా నేను అబద్ధమే చెప్పాను. రాసినట్టు నాకు గుర్తే లేదు.

"చూశావా!" అంది ఎనెలెసి.

నాలుగు వైపులా గోడలే, వాటికి ఇటుకలన్నీ నేను పేర్చినవే. అప్పుడు దిండ్లకి ఆనుకున్న లుసుంగు నోరు విప్పింది.

"అమ్మా. పెద్దమ్మ చెప్పేది నిజమే."

"నీకేం తెలుసే? ఐదేళ్ళ పిల్లవి అప్పుడు!"

"నాకు గుర్తుంది. నువ్వు లోపలికి రాకముందు... పెద్దమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. 'క్షమించు తల్లీ, చూసుకోలేదు, చూసుకోలేదు' అంది." కాసేపు ఊపిరి కోసం ఆగింది. "తప్పు మందుదైతే పెద్దమ్మ ఎందుకు క్షమించమంటుందమ్మా?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెబితే పెద్దమ్మ మళ్ళీ ఏడుస్తుందని."

ఎనెలెసి నన్ను తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. బయట పొయ్యి మీద న్సిమా మాడిన వాసన వస్తున్నా కదల్లేదు. ఆరోగ్య పుస్తకం చేతిలోకి తీసుకుని అంది: "మూడు పుస్తకాలు. నేను పెన్ను తెచ్చిచ్చాను. నువ్వు రాశావు."

ఫిబ్రవరి 8, సోమవారం

ముంథలికి అంతా చెప్పాను. అతను బల్ల వైపే చూస్తూ విన్నాడు. "ఇది నేను జిల్లా ఆఫీసుకి రాయాలి సిస్టర్," అన్నాడు.

"రాయండి."

"అడ్రినలిన్ లేకుండానే పిల్ల తేరుకుందన్నారు. అది ఖాయమేనా?"

"ఖాయం."

అయినా జాగ్రత్త కోసం ముందు పెన్సిలిన్ జాతిదే, ఎరుపూ పసుపూ అమాక్సిసిలిన్ గొట్టం మాత్ర ఒకటి మింగించి చూద్దామన్నాడు. "ఆవిణ్ణి బయట ఉండమనండి," అంది ఎనెలెసి. ఆవిడంటే నేను. అక్క నుంచి ఆవిడ దాకా రావడానికి ఒక్క రాత్రి పట్టింది. వరండాలో గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. గంట గడిచింది. రెండు గడిచాయి. దద్దురు లేదు, వాపు లేదు. పిల్ల ఆకలేస్తోందంది.

ఫిబ్రవరి 9, మంగళవారం

పెన్సిలిన్ సూది, పన్నెండు లక్షల యూనిట్లు. పడుకోబెట్టి ముంథలే వేశాడు. కిటికీలోంచి చూశాను. వెనక్కి లాగి చూశాకే నొక్కాడు. "అమ్మో, నిప్పు పెట్టినట్టుంది!" అని లుసుంగు ఒక్క అరుపు అరిచింది. అంతే.

అంతే. పదకొండేళ్ళూ ఇంతేనా?

ఫిబ్రవరి 13, శనివారం

మొన్న రోడ్డు తెరిచారు. లుసుంగుని మ్జుజు తీసుకెళ్ళి గుండె బొమ్మ తీయించారు. ఒక వాల్వు పాడైంది, మిగతావి బాగున్నాయట. సూదులు తప్పకుండా పడితే బతుక్కి ఢోకా లేదన్నారట. నాకు ముంథలి చెప్పాడు. ఎనెలెసి చెప్పలేదు.

ఆమె ఆరోగ్య పుస్తకం మాత్రం అతని చేత పంపింది. ఎర్రక్షరాలు కొట్టేసి, దాని కింద జరిగిందేమిటో రాసి, నా పేరు పెట్టమంది. రాశాను. ఆ రెండు వాక్యాలకి మధ్యాహ్నమంతా పట్టింది.

సాయంత్రం కంచె అవతల ఆమె చిన్నదాన్ని పిలిచింది. "తియెజ్గె! నీళ్ళు పట్టుకురా!"

"తియెజ్గె ఎవరమ్మా? నా పేరు ఎస్నార్ట్ కదా!"

"ఇవాళ్టినుంచి కాదు."

తలుపు వేసుకున్నాను.

మార్చి 8, మంగళవారం

జిల్లా ఆఫీసు వాళ్ళు వచ్చే నెల వచ్చి విచారిస్తారట. "అందాకా మిమ్మల్ని సూది బల్ల నుంచి తప్పిస్తే ఆ పని ఎవరు చేస్తారు సిస్టర్? ఉన్నదే మనిద్దరం," అన్నాడు ముంథలి.

ఇవాళ లుసుంగు రెండో సూది. నడిచి వచ్చింది. మణికట్టు మీద ఎర్ర గుడ్డ ఉన్నచోట తెల్లటి చార. ఎనెలెసి బయట బల్ల మీద, కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. పిల్ల తిన్నగా నా తెర వెనక్కి వచ్చింది.

"ఇక్కడికి కాదే. డాక్టరుగారి గదికి వెళ్ళు. మీ అమ్మ అదే కదా చెప్పింది."

"అమ్మ అదే చెప్పింది. నేను ఇక్కడికొచ్చా," అని బల్ల ఎక్కి బోర్లా పడుకుంది.

"లేవవే తల్లీ. నా వల్ల కాదు."

"భయమైతే కాసేపు ఆగి వెయ్యి. నాకేం తొందర, బడి ఎగ్గొట్టొచ్చు." తల ఇటు తిప్పి నా కళ్ళలోకి చూసింది. "పెద్దమ్మా, ముందు వెనక్కి లాగి చూడు."

"చూస్తానమ్మా."

గుచ్చాను. వెనక్కి లాగాను. రక్తం రాలేదు. మళ్ళీ లాగాను. రాలేదు.

"ఎన్నిసార్లు లాగుతావు పెద్దమ్మా! వెయ్యి ఇంక, చలేస్తోంది."

మెల్లగా, చాలా మెల్లగా నొక్కాను. అది పళ్ళు బిగబట్టుకుని నా గౌను అంచు పట్టుకుంది, అరవలేదు. తర్వాత లేచి కూర్చుని పుస్తకం నా ముందు పెట్టింది. నేను అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను అందుకుని, మళ్ళీ పెట్టేశాను.

తరువాతి సూది ఏప్రిల్ 5 అని నల్ల సిరాతో రాశాను.